మొక్కజొన్న రేక్ ఎక్కించడం: ఇండెంట్ నుంచి ఆర్ఆర్ దాకా నా అనుభవం

రైల్లో సరుకు పంపుదామనుకునేవాళ్లు ముందు అడిగేది టన్నుకు కిరాయి ఎంత అని. నేను ముందు చూసేది వేరు. మన సరుకుకు సరిపడే వ్యాగన్ ఏది, అది గూడ్స్ షెడ్‌లో పెట్టాక ఇచ్చిన గడువులో నింపగలమా? ఈ రెండూ తేలకుండా దిగితే, లారీ కంటే మిగులుతుందనుకున్న డబ్బు కాస్తా డెమరేజ్ కింద, అంటే గడువు దాటి వ్యాగన్లను ఆపినందుకు కట్టే రుసుము కింద పోతుంది.

బొగ్గుకు పైకప్పు లేని బాక్స్‌ఎన్ వస్తుంది. టిప్లర్ అనే యంత్రం దాన్ని పట్టుకుని బోర్లించేస్తుంది. అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు తనంతట జారిపోయేది బీఓబీఆర్‌ఎన్ హాపర్. పెట్రోలు, డీజిలుకు బీటీపీఎన్ ట్యాంకు వ్యాగన్, కంటైనర్లకు ఎత్తు తక్కువ బల్లలాంటి బీఎల్‌సీ, కార్లకైతే పాత ప్రయాణికుల పెట్టెల్ని మార్చి చేసిన ఎన్‌ఎంజీలూ ఉన్నాయి. బస్తాల సరుకు ఏదైనా, అంటే ధాన్యం, ఎరువు, సిమెంటు, మామూలుగా మూసి ఉండే బీసీఎన్ రకాల్లోనే వెళ్తుంది. పాత బీసీఎన్ అయితే రేక్‌కు, అంటే ఒక గూడ్సు రైలుగా కట్టే వ్యాగన్ల వరసకు, 42. కొత్త బీసీఎన్‌హెచ్‌ఎల్ పొడవు 11 మీటర్లకు కాస్త తక్కువ కాబట్టి దాదాపు అంతే జాగాలో 58 పడతాయి. ఖాళీ బరువు 20.8 టన్నులు, సరుకుతో కలిపి గరిష్ఠం 91.6 టన్నులు. ఈ తేడా చూసి 70 టన్నులు నింపేయొచ్చనుకోకండి. సరుకును బట్టి, దారిని బట్టి రైల్వే ఒప్పుకునే బరువు వేరుగా ఉంటుంది. ఆ అంకెను ఇండెంట్ (వ్యాగన్లు కావాలని రైల్వేకు ఇచ్చే దరఖాస్తు) పెట్టే రోజే గూడ్స్ ఆఫీసులో అడిగి రాసుకుంటాం.

రేక్ నిండేంత సరుకు లేనివాళ్లకు దారులు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. దేశంలో రైలు సరుకు 2022-23లో 1,500 మిలియన్ టన్నులు దాటినా అందులో సగం దాకా బొగ్గే. మిగతా సరుకుల్ని రప్పించడానికే 20 వ్యాగన్ల మినీ రేక్‌లూ, ప్రైవేటువాళ్లూ సరుకు టెర్మినళ్లు కట్టుకునేలా 2021 డిసెంబరులో తెచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ విధానమూ. 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు ఎండుమిర్చి వెళ్లింది గూడ్స్ రేక్‌లో కాదు, పార్శిల్ రైల్లో. గూడ్సుకైతే ఒక్కసారే 1,500 టన్నులకు పైగా పోగు చెయ్యాలి, పార్శిల్ రైలుకు 500 టన్నుల లోపు చాలు.

ఇండెంట్ ఇప్పుడు రైల్వే సరుకు రవాణా కంప్యూటర్ వ్యవస్థ ఎఫ్‌ఓఐఎస్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. సరుకు, వ్యాగన్ రకం, ఎన్ని కావాలి, ఏ షెడ్‌కు, ఎవరికి అన్నవి నింపి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి. పెట్టేముందు దిగే చోట షెడ్ పూర్తి రేక్ తీసుకుంటుందా, రాత్రి పని ఉందా, ఆ స్టేషన్‌కు ఆంక్షలేమైనా నడుస్తున్నాయా అని కనుక్కోవాలి. ప్రైవేటు సరుకు ప్రాధాన్య వరుసలో కింద ఉంటుంది. మన వంతు రిజిస్టరైన తేదీని బట్టి వస్తుంది కాబట్టి బస్తాలన్నీ సిద్ధమయ్యాక పెడదామని ఆగితే వెనకపడతాం.

రేక్ పెట్టిన నిమిషం నుంచి గడియారం మొదలు. మనుషులతో ఎక్కించే కవర్డ్ వ్యాగన్లకు మామూలుగా 9 గంటలు ఇస్తారు. వ్యాగన్‌కు 50 కిలోల బస్తాలు 1,250 చొప్పున 58 వ్యాగన్లకు 72,500 బస్తాలు, అంటే గంటకు ఎనిమిది వేలు. లారీకి 20 టన్నులనుకుంటే 180 లారీలకు పైమాటే. చాలామంది హమాలీల సంఖ్య లెక్కేస్తారు గానీ పని ఆగేది లారీలు షెడ్‌లోంచి తిరిగి బయటపడే దారి ఇరుకైనప్పుడే. అందుకే అనుమతి తీసుకుని సగం సరుకైనా ముందే షెడ్‌లో నిట్టు కట్టిస్తాం. ఆ సరుకు గడువు దాటి పడుంటే వార్ఫేజ్ పడుతుంది, అయినా డెమరేజ్ కంటే నయం. డెమరేజ్ దగ్గర మెలిక ఏంటంటే, ఒక్క వ్యాగన్ ఆలస్యమైనా లెక్క రేక్ మొత్తానికీ కడతారు.

హడావుడిలో జనం దాటేసే పని వ్యాగన్ తనిఖీ. లోపలికెళ్లి తలుపులు మూయించి తల పైకెత్తి చూడాలి. సూదిమొనంత వెలుగు కనబడినా వానలో ఆ కింది బస్తాలు బూజు పట్టినట్టే. రాత్రి పెట్టిన రేక్‌కు ఈ పరీక్ష కుదరదు. టార్చి వేసి గోడల మీద తుప్పు చారలు, నేల మీద నీటి మరకలు వెతుకుతాం. పైకప్పు ఎక్కి చూద్దామని ఎవరన్నా ఒప్పుకోవద్దు, పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. గత ట్రిప్పులో ఎరువు వచ్చి ఉంటే మూలల్లో గుళికలు మిగులుతాయి, అవి చెమ్మ లాగుతాయి. ఊడ్పించి, నేల మీద పాలిథిన్ పరిపించాకే మొదటి బస్తా వెయ్యాలి. కప్పు చిల్లులు పడ్డ వ్యాగన్ కనిపిస్తే అప్పుడే గూడ్స్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇస్తాం. ఎక్కించాక చెబితే వినేవాళ్లుండరు.

బస్తాల వరసలు రెండు చివరల నుంచి తలుపు వైపు కట్టుకుంటూ రావాలి. ఒక చివర ఎక్కువై ఇంకో చివర తక్కువైతే ఆ వైపు స్ప్రింగులు కుంగి తనిఖీలో వ్యాగన్‌ను ‘సిక్’ అని, అంటే నడపడానికి పనికిరాదని తేల్చి రేక్ నుంచి విడదీసేస్తారు. తలుపుకు ఆనేలా పేర్చొద్దు. ప్రయాణంలో బస్తాలు జరిగి తలుపు బిగుసుకుపోతుంది, సందులోంచి జల్లు కూడా కొడుతుంది.

బరువు దగ్గర జనపనార సంచిని మర్చిపోతుంటారు. ఖాళీ సంచి 600 గ్రాములనుకున్నా 1,250 సంచులు 750 కిలోలు. కాటా దగ్గర బస్తాకు కిలో ఎక్కువ పోస్తే మరో టన్నుంపావు. వే బ్రిడ్జి మీద ఈ రెండూ కలిసి తేలితే రైల్వే చట్టం 73వ సెక్షన్ కింద జరిమానా రేటు పడుతుంది. తేమ 14 శాతం లోపు లేని మొక్కజొన్నను మేం అసలు ఎక్కించం. మూసిన వ్యాగన్‌లో అది లోపల్లోపలే వేడెక్కుతుంది.

సీళ్లు పడ్డాక వచ్చే ఆర్ఆర్‌ను, అంటే రైల్వే రసీదును, ఒకసారి చదవండి. రైల్వే సిబ్బంది దగ్గరుండి లెక్కపెట్టకపోతే ‘సెడ్ టు కంటైన్’ (ఇన్ని ఉన్నాయని పంపినవాళ్లు చెప్పారు) అని ఉంటుంది. తర్వాత బస్తాలు తగ్గాయంటే అన్ని ఎక్కించామని నిరూపించే బరువు మన మీదే పడుతుంది. అందుకే వ్యాగన్ నంబరు, సీలు నంబరు, బస్తాల లెక్క మా టాలీ పుస్తకంలో వ్యాగన్‌వారీగా రాసి, సీలు వేసిన తలుపు ఫొటో తీస్తాం. దిగే చోట సీలు తెగిందని గానీ, తడిసిందని గానీ కనిపిస్తే సరుకు కదిలించకముందే ఓపెన్ డెలివరీ (రైల్వే సిబ్బంది ఎదుట విప్పి, నష్టం రాయించుకుని తీసుకోవడం) అడగాలని అవతలి పార్టీకి ముందే చెబుతాం. క్లెయిమ్ నోటీసు మనం సరుకును రైల్వేకు అప్పగించిన రోజు నుంచి ఆరు నెలల్లోపు రైల్వేకు చేరాలి.