చెడిపోయాక కూడా పని ఆపని చిప్పు

2023 నవంబరులో నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 ఉన్నట్టుండి అర్థంలేని డేటా పంపడం మొదలుపెట్టింది. కారణం ఒక్క మెమరీ చిప్పు. ఇక్కడి నుంచి ఒక కమాండ్ అక్కడికి చేరడానికే అప్పట్లో 22.5 గంటలు పట్టేది, జవాబు రావడానికి మళ్లీ అంతే, అందుకే నాసా ఇంజినీర్లు ఆ చిప్పులో ఉండాల్సిన కోడ్‌ను ముక్కలు చేసి మెమరీలో వేరే చోట్ల సర్ది, దాన్ని దారిలో పెట్టేసరికి 2024 ఏప్రిల్ వచ్చేసింది. అది చదివినప్పటి నుంచి నా మనసంతా తనంతట తాను సర్దుకునే హార్డ్‌వేర్ మీదే ఉంది.

అలాంటి హార్డ్‌వేర్ కోసం ముందు మెదడు తరహా (న్యూరోమార్ఫిక్) కంప్యూటర్ల వైపు చూశాను. వాటిలో పెద్ద పేరు మాంచెస్టర్ యూనివర్సిటీలో స్టీవ్ ఫర్బర్ బృందం కట్టిన స్పిన్నేకర్‌ది. 2018లో పది లక్షలకు పైగా కోర్లతో, అంటే చిన్న ప్రాసెసర్లతో, నడిచింది. ఒక్కో చిప్పులో 18 కోర్లు, 16 అసలు పని చేస్తాయి, ఒకటి మిగతావాటిని చూసుకుంటుంది, ఇంకొకటి స్పేర్. రెండు చిప్పుల మధ్య లింకు ఆగిపోతే డేటా ప్యాకెట్ మూడో చిప్పు మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. గొప్ప ఇంజినీరింగే, కాదనను. కాకపోతే ఇది డిక్కీలో స్టెప్నీ పెట్టుకుని బయల్దేరడం లాంటిది, మెదడు చేసే పని ఇది కాదు.

మెదడు ఏం చేస్తుందన్నదానికి నాకు బాగా నచ్చిన వివరణ అల్‌స్టర్ యూనివర్సిటీలో జాన్ వేడ్, లియామ్ మెక్‌డెయిడ్, జిమ్ హార్కిన్ తదితరులు 2012లో ప్రచురించిన మోడల్‌లో ఉంది. అందులో హీరో న్యూరాన్ అనే నాడీకణం కాదు, ఆస్ట్రోసైట్ అనే మరో రకం మెదడు కణం. న్యూరాన్ల మధ్య ఖాళీ నింపే కణమని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, మనిషి మెదడులో ఒక్క ఆస్ట్రోసైట్ 20 లక్షల సినాప్సుల దాకా (న్యూరాన్లు ఒకదానికొకటి సిగ్నల్ అందించుకునే చోట్లు) తాకుతుందని అంచనా.

న్యూరాన్ ఫైర్ అయినప్పుడల్లా, అంటే స్పైక్ అనే విద్యుత్ సంకేతం పంపినప్పుడల్లా, ఒక రసాయనం వదులుతుంది. అది వెనక్కి వెళ్లి తనకు సిగ్నల్ పంపిన సినాప్సునే కాస్త తగ్గిస్తుంది. అదే రసాయనం ఆస్ట్రోసైట్‌కు తగిలితే మాత్రం అందులో కాల్షియం పెరిగి, గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం విడుదలై, చుట్టుపక్కల సినాప్సులన్నిటికీ ఊతం వస్తుంది. మామూలుగా ఈ రెండూ సరిసమానంగా ఉంటాయి. ఇప్పుడు ఒక న్యూరాన్‌కు వచ్చే సినాప్సుల్లో కొన్ని పోయాయనుకోండి, అది ఫైర్ అవడం తగ్గుతుంది, కాబట్టి తగ్గించే సంకేతమూ పడిపోతుంది. ఆస్ట్రోసైట్‌కు పక్క న్యూరాన్ల నుంచి కూడా ఆ మొదటి రసాయనం అందుతూనే ఉంటుంది కాబట్టి ఊతం మాత్రం ఆగదు. దాంతో మిగిలిన మంచి సినాప్సులు బలపడి, న్యూరాన్ మళ్లీ తన పాత వేగానికి దగ్గరగా వస్తుంది.

ఇక్కడ ఏది చెడిందో కనిపెట్టే వాళ్లెవరూ లేరు. రోజూ జరిగే పనిలోనే రిపేరు కలిసిపోయి ఉంది. పర్యవేక్షించే కోరే పాడైతే ఎలా అన్న టెన్షన్ కూడా లేదు. ఈ పద్ధతిని ఎఫ్‌పీజీఏ చిప్పుల (తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్పులు) మీద కూడా అమలుచేసి చూశారు.

అయితే తెగిన తీగ తెగినట్టే ఉంటుంది, తిరిగొచ్చేది దాని పని మాత్రమే, అదీ కొన్ని మంచి సినాప్సులు మిగిలితేనే. పైగా స్పైకులు మిల్లీసెకన్లలో వెళ్తుంటే ఆస్ట్రోసైట్‌లో కాల్షియం కదలడానికి సెకన్లు పడుతుంది, అంటే విమానం కంట్రోల్ లాంటి చోట ఇది ఒక్కటే చాలదు. అంతరిక్ష నౌకకు ఆ కొద్ది సెకన్లు ఒక లెక్కా? చాలా న్యూరోమార్ఫిక్ చిప్పులు ఇప్పటికీ న్యూరాన్, సినాప్స్ దగ్గరే ఆగిపోయాయి. డిజైన్ చేసేవాళ్లు ఆస్ట్రోసైట్‌కు కూడా సిలికాన్‌లో కాస్త చోటివ్వాలని నా గట్టి కోరిక.