ధర్మాబాద్ నుంచి బొంబాయి ఓడ దాకా: రైలు మంచిగనే పోయింది, గేటు కాడ ఆగమైనం

వచ్చి మూడు రోజులైంది, ఇంకా కడుపుల మంట చల్లారలేదు. చల్లారక ముందే రాస్తున్న. చల్లారినంక రాస్తే అందర్ని మంచోళ్ళను చేసి రాస్త, అది ఎవ్వలికీ పనికిరాదు.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బాసర అమ్మవారి కాడికి వచ్చేటోళ్ళు రైలు దిగకుంట ఇంకింత ముందుకొస్తే మేమే. ఇంట్ల తెలుగు, మిర్చి బజార్ల తెలుగు మరాఠీ కలిపి, ఆఫీసులల్ల నోరు మూసుకునుడు. హైదరాబాద్ పోతే మమ్మల్ని మరాఠోళ్ళంటరు, పుణె పోతే తెలుగోళ్ళంటరు. నేను ఎస్టీల కండక్టర్ చేసి రిటైరైన. ఎస్టీ అంటే మీ దిక్కు ఆర్టీసీ లెక్క, ఎర్ర బస్సు. టికెట్లు, లగేజీ, చిల్లర, దిగమంటే దిగని తాగుబోతు, ఇవన్నీ నాకు ఒకలు చెప్పే పని లేదు. పుణెల ఉన్న మా కొడుకు ఫోన్ చేసి, “నాయినా, నీకు అరవై నిండినయి కదా, మీ ఇద్దరికి బొంబాయి నుంచి గోవా పోయొచ్చే ఓడ బుక్ చేసిన. ఓడ కాడికి ఎట్ల పోవాల్నో చెప్పాల్నా?” అంటే, “నాకే చెప్తవారా” అన్న. ఆ మాట ఇప్పుడు గొంతుల ముల్లు.

రైలు సంగతి జల్ది చెప్త. ఓడ నాలుగు నెలల ముందే బుక్కైంది, రైలు టికెట్ మాత్రం 60 రోజుల ముందు గాని దొరకదు. 2024 నవంబరు దాకా 120 రోజులుండె, సగం చేసిండ్రు. దినాలు లెక్కబెట్టుకొని పొద్దుగాల ఎనిమిదింటికి ఫోన్ పట్టుకొని కూసుంటె రెండు కింది బెర్తులు దొరికినయి. అరవై దాటిన మొగోళ్ళకు రైల్ల 40 శాతం తగ్గింపు ఉండె, 2020 మార్చిల బంద్ పెట్టిండ్రు. నాకు అరవై వచ్చేదాకా ఆగుతె ఏం పోవు?

తపోవన్ పగటి బండి, బొంబాయిల రాత్రి దించుతది, లాడ్జి ఖర్చు మీదపడ్తది. మేము సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. నాందేడ్‌ల డబ్బా విప్పినం, జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా పక్కన పూర్ణా జంక్షన్‌ల రిటైరైన రైల్వే గార్డు ఒకాయన కూసున్నడు. ఓడకు పోతున్నమనంగనే ఆయనకు హుషారొచ్చింది. ఎనుకట బొంబాయిల రైలు నేరుగ ఓడ కాడికే పోతుండెనట. రేవుల్నే బ్యాలార్డ్ పియర్ మోల్ అని స్టేషన్ కట్టిండ్రట. విలాయతి ఓడ దిగిన దొరలు అక్కడ్నే ఎక్కి పెషావర్ దాకా పోతుండ్రట. ఫ్రాంటియర్ మెయిల్ 1928 సెప్టెంబరు 1న మొదలైంది గట్లనే, ఇప్పుడు గోల్డెన్ టెంపుల్ మెయిల్ అంటున్నది గదే బండి. “ఇప్పుడు ఆ స్టేషన్ లేదు. సీఎస్‌ఎంటీల దిగి మీ తిప్పలు మీరు పడాలె” అని నవ్విండు. సీఎస్‌ఎంటీ అంటే బొంబాయి పెద్ద స్టేషన్, ఎనుకటి వీటీ. నేనూ నవ్విన. రెండు కిలోమీటర్లు గూడ లేని దూరానికి తిప్పలేంది అనుకున్న.

తెల్లారి ఏడు దాటినంక దిగినం. ఇది రాసి పెట్టుకోండ్రి: సీఎస్‌ఎంటీల దూరం బండ్లు ఆగే దిక్కు 18వ నంబరు ప్లాట్‌ఫాం పక్కకెల్లి డిమెల్లో రోడ్డు మీదికి దారి ఉన్నది. ఓడ రేవు ఆ దిక్కే. మేము గది తెల్వక ఫొటోలల్ల కనిపించే పెద్ద గుమ్మటం దిక్కు బయటపడ్డం. టాక్సీ ఆయనతోని నా నాందేడ్ మరాఠీల “బోటు కాడికి పోవాలె” అన్న. తప్పు నాదే, ఒప్పుకుంటున్న. “బోటు” అనొద్దు. బొంబాయిల బోటంటే వెయ్యి ఉన్నయి. ఆయన రెండు వందల యాభై అన్నడు, మీటర్ వెయ్యలే. 2025 ఫిబ్రవరి నుంచి నల్ల పసుపు టాక్సీకి కనీసం కిరాయి 31 రూపాయలు, కిలోమీటరున్నర దాకా. జన్మంతా స్టేజీలు లెక్కబెట్టి టికెట్ కొట్టిన నేను నోరు మూసుకొని ఒప్పుకున్న. ఎందుకంటె మా ఇంటామె అప్పటికే బ్యాగు మీద కూసున్నది.

ఆయన మమ్మల్ని భావుచా ధక్కాల దించి పోయిండు. అక్కడ మాండ్వా, రేవస్, మోరా పోయే బోట్లుంటయి. పొద్దున పూట చేపలు దిగుతయి. మంచు గడ్డలు, గంపలు, కాలు పెడ్తె జారుడు. మా ఇంటామె కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని నిలవడ్డది. చక్రాల బ్యాగు చేప నీళ్ళల్ల ఈడ్చిన. చేపలమ్మే కోళీ ఆమె ఒకామె మమ్మల్ని ఎగాదిగ చూసి, “గోవ్యాచీ బోట్? తీ బ్యాలార్డ్ పియర్‌లా, కాకా!” అని పక్కామెకు చెప్పి ఇద్దరు నవ్విండ్రు. నవ్వనియ్యి, దారన్న చెప్పింది. ఇంకో టాక్సీ. ఈసారి “బ్యాలార్డ్ పియర్, గ్రీన్ గేట్” అన్న. మీరు గూడ గంతే అనుండ్రి, ఇంకో మాట కలుపకుండ్రి.

ఇగ అసలు కథ ఇక్కడ.

2025 సెప్టెంబరుల కొత్త టెర్మినల్ ప్రారంభమైందని పేపర్ల చూసి, ఆ ఫొటో మా ఇంటామెకు చూపించి మురిసిన. లోపటికి పోయే ముందర ఓడ కంపెనీ బల్ల ఉన్నది, కంపెనీ పేరు నేను రాయ. బల్ల ఎనుక మా కొడుకు వయసు పోరడు, ముందర లైను. ఆధార్లు ఇచ్చిన. నాది చూసి టిక్ కొట్టిండు. ఆమెది చూసిండు, కంప్యూటర్ చూసిండు, మళ్ళ ఆధార్ చూసిండు.

“ఈమె పేరు లిస్టుల లేదు.”

“ఎందుకు లేదు? ఇద్దరికి కలిపే పైసలు కట్టినం.”

“లిస్టుల మీతోని గంగామణి ఉన్నది. ఈ ఆధార్ సునీతది.” అని నా మొఖం చూసిండు, ఆమె మొఖం చూసిండు, గొంతు తగ్గియ్యకుంటనే హిందీల, “అంకుల్, యే దూస్రీ వాలీ హై క్యా?” అన్నడు, ఈమె రెండో ఆమెనా అని.

లైన్ల ఎనుకున్నోళ్ళు నవ్విండ్రు. ఒకాయన “షష్టిపూర్తికి తెచ్చుకున్నట్టుండు” అని తెలుగుల్నే అన్నడు. ఎక్కడికి పోయినా మనోడు ఒకడుంటడు గద! నాకు చెవులల్ల రక్తం కొట్టుకున్నది.

సంగతేందంటె, మా ఇంటామెది నిజామాబాద్ దిక్కు పుట్టిల్లు. పుట్టింట్ల గంగామణి. మా దిక్కు మరాఠోళ్ళ రివాజు మాకు గూడ అంటుకున్నది. పెండ్లినాడు పిల్ల పేరు మారుస్తరు, పళ్ళెంల బియ్యం పోసి ఉంగరంతోని కొత్త పేరు రాపిస్తరు. మా అమ్మ సునీత అని పెట్టింది. తరువాత ధర్మాబాద్‌ల ఆధార్ తీసినప్పుడు సునీత, నడుమ నా పేరు, ఎనుక మా ఇంటిపేరు. ఓటరు కార్డు మాత్రం పుట్టింటి పేరు మీదనే ఉండిపోయింది, ఎవ్వలం పట్టించుకోలె. కొడుకు దగ్గర ఆధార్ ఫొటో మసకగ ఉండెనట, ఓటరు కార్డు చూసి ఓడ టికెట్ల పేరు కొట్టిండు. రైలు టికెట్ నేను సునీత అని తీసిన. రైల్ల టీసీ కార్డు చూసి తల ఊపి పోయిండు. ఓటరు కార్డు ఇంట్ల బీరువాల ఉన్నది.

గింతే సంగతి. గిది చెప్పేందుకు నాకు అర్ధగంట పట్టింది. పోరడు వింటలేడు. “లిస్టు పోర్టోళ్ళకు, పోలీసోళ్ళకు పోతది, పేరు కలువకుంటె ఎక్కనియ్యం” అన్నడు. మా తమ్ముని కొడుకును ఇంటికి తోలి బీరువా తెరిపిచ్చి ఓటరు కార్డు ఫొటో తెప్పించిన. “ఫొటో నడువది, ఒరిజినల్ కావాలె.” ధర్మాబాద్‌కెల్లి ఒరిజినల్ రావాల్నంటె తెల్లారుతది, ఓడ సాయంత్రం పోతది. ఫొటోల మొఖం ఆమెదే గద అన్న. “ముప్పై ఏండ్ల కిందటి మొఖం” అన్నడు. అప్పుడు ఇంకొకడు, వాని మీది సార్, వచ్చి కూసొని తెలివిగ అడుగుతున్ననని అనుకొని, “సరే అంకుల్, ఇంట్ల మీరు ఈమెను ఏ పేరు పెట్టి పిలుస్తరు?” అన్నడు.

నాకు నోట్లెకెల్లి మాట రాలె.

నేనామెను పేరు పెట్టి ఎప్పుడు పిలువలే. “ఇగో” అంట. పోరడు పుట్టినంక “వాళ్ళమ్మా” అంట. సునీత అని మా అమ్మ పిలిచేది, అమ్మ పోయినంక ఎవ్వలూ లేరు. గంగామణి అని వాళ్ళ అన్నదమ్ములు. నేను నిలవడి ఆలోచిస్తున్న, ఆ సార్ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నడు. పెండ్లాం పేరు ఆలోచించి చెప్పేటోన్ని ఎవడు నమ్ముతడు? నన్ను నేనే నమ్మకపోతుంటి.

ఒక పక్కకు కూసోమన్నరు. చిన్న బల్ల, మా బ్యాగుల చేప వాసన. వచ్చినోళ్ళు మా మీదికెల్లి పోతున్నరు. నాకు కోపమొచ్చి గొణుక్కుంటున్న. ముప్పై రెండేండ్ల సర్వీసుల నేను ఒక్క మనిషిని కార్డు కలువలేదని బస్సు దించలే. 2022 ఆగస్టుల 75 దాటినోళ్ళకు ఎస్టీల ఫుకట్ చేసిండ్రు. పల్లెటూరి ముసలోళ్ళ ఆధార్లల్ల పుట్టిన తారీఖు జనవరి 1 అని కొట్టి, ఏండ్లు అడ్డదిడ్డం రాసి ఉంటయి. ఆధార్ల 73, మొఖం మీద 80. కూసో కాకా అన్న. డిపోల చెప్పకుండ్రి, చెప్పినా ఇప్పుడేం పీకలేరు. మనిషి ఎదురుంగ నిలవడ్డప్పుడు మనిషిని చూడాలె. ఇవన్నీ గట్టిగనే అంటున్న, ఆమె వింటదని.

ఆమె మెల్లగ అన్నది. “నా పేరు మార్చింది మీ అమ్మనే. నన్నెవలన్న అడిగిండ్రా? ఇయ్యాల్ల గూడ వాళ్ళు నిన్నే అడుగుతున్నరు, నన్నడుగుతలేరు. నువ్వు ఓడెక్కు. నేను దేవగిరి ఎక్కుత.”

దేవగిరి రాత్రికి గాని లేదు, అయినా ఆ మాటకు నేను జవాబియ్యలే.

రెండు గంటలైనంక బల్ల కాడికి ఒక మేడం వచ్చింది, నలభై అయిదు ఏండ్లుంటయి, మరాఠీ ఆమె. మమ్మల్ని దాటిపోయి, మళ్ళ ఎనుకకొచ్చి, నన్ను కాదు, నేరుగ మా ఇంటామెను అడిగింది: “మావ్‌శీ, లగ్నాత్ నావ్ బదల్లం కా?” పెండ్లిల పేరు మార్చిండ్రా అని. మా ఇంటామె తలూపింది. పుట్టింటి పేరేంది, అత్తింటి పేరేంది, తండ్రి పేరేంది అని అడిగింది. ఆమె అన్నీ తనే చెప్పింది, మంచి మరాఠీల. నేను నోరు తెరిస్తె చెయ్యి చూపించి ఆపింది. మేడం ఓటరు కార్డు ఫొటోల తండ్రి పేరు కలుపుకున్నది. కంప్యూటర్ల పేరు ఆధార్ మీదున్నట్టు మార్చింది. లిస్టు ఇంకా పోలేదట, పోయే దాకా మార్చొచ్చునట. నాలుగు నిమిషాలు. పోరని దిక్కు తిరిగి, “నాకు గూడ రెండు పేర్లున్నయిరా” అన్నది. గంతే.

నాలుగు నిమిషాల పనికి రెండు గంటలు కూసోబెట్టిండ్రు. ఆ పోరడు క్షమాపణ చెప్పలే, “ఎంజాయ్ అంకుల్” అన్నడు.

ఓడ గురించి అడుగుతరు. మంచిగనే ఉన్నది. అన్నంల ఉప్పు తక్కువ, పాటలు ఎక్కువ. మిరపకాయ తొక్కు డబ్బా గేటు కాడ్నే తీసుకున్నరు, ధర్మాబాద్ మిర్చి, వాళ్ళకేం తెలుసు. గోవాల ఎండ. వచ్చేటప్పుడు కసారా కాడ రైలు ఎనుక ఇంజన్లు తగిలిచ్చి ఘాటు మీదికి నెట్టిండ్రు, మాకు ఓడ కంటె అదే నచ్చింది.

పోయేటోళ్ళకు ఒక్కటే చెప్త: టికెట్ కొట్టేముందు ఆధార్ చేతుల పట్టుకొని ఒక్కో అక్షరం చూసి కొట్టుండ్రి, కొడుకు మీద వదిలెయ్యకుండ్రి. ఆడోళ్ళ కార్డులన్నీ ఒక్కసారి నేల మీద పరిచి చూసుకోండ్రి. మా ఇంట్ల పరిస్తే బ్యాంకు పుస్తకంల ఒక పేరు, గ్యాస్ కనెక్షన్‌ల ఒక పేరు తేలినయి.

నిన్న ఓటరు కార్డు మార్చుదామని పోయినం. ఈసారి మాట్లాడింది ఆమెనే, నేను సంచి పట్టుకొని ఎనుక నిలవడ్డ. పెండ్లి అయిందనేటందుకు కాగితం ఉన్నదా అని అడిగిండ్రు. మా పెండ్లైనప్పుడు రిజిస్ట్రేషన్ ఎవడు చేసిండు? పెండ్లి పత్రిక ఉన్నది, తెస్తమని ఇంటికొచ్చి ట్రంకు పెట్టె దింపినం. గులాబి రంగు పత్రిక, పసుపు మరకలు ఇంకా పోలేదు. అందుల చి.ల.సౌ. అని పెట్టి కింద రాజమణి అని అచ్చేసి ఉన్నది. లగ్గం కుదరాల్నంటె నామనక్షత్రం కలువలేదని పంతులు అప్పటికి పెట్టిచ్చిన పేరట. నాకు యాదికే లేదు.

ఆమెకు ఉన్నది.