రాణిని దింపిన చోటు

మొన్న ఆదివారం పిల్లల్ని గెడ్డింగ్టన్ తీసుకెళ్లాను. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో చిన్న ఊరు. ఊరి నడిబొడ్డున, వీధులు కలిసేచోట, ఏడు వందల ఏళ్లు దాటిన రాతి స్మారకం ఉంది. ఎలినార్ క్రాస్ అంటారు. దూరం నుంచి చూసి మా పదేళ్ల పాప గుడి గోపురమనుకుంది.

అనుకోదూ మరి! మూడు పలకల స్తంభం. కింది భాగమంతా పువ్వులు చెక్కారు, అరచేయంత రాయి కూడా ఖాళీగా వదల్లేదు. పైన గూళ్లలో మూడువైపులా రాణి ఎలినార్ బొమ్మలు. ఏడు శతాబ్దాల వానలకు అరిగినా బట్ట మడతలు ఇంకా తెలుస్తున్నాయి.

1290 నవంబర్ 28న లింకన్ దగ్గర హార్బీ అనే పల్లెలో ఆవిడ చనిపోయింది. భర్త మొదటి ఎడ్వర్డ్ రాజు. శవాన్ని లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ దాకా తీసుకెళ్తూ రాత్రిళ్లు ఎక్కడెక్కడ ఆగారో, అక్కడల్లా తర్వాత ఇలాంటివి కట్టించాడు. మొత్తం 12. మిగిలినవి మూడే. హార్డింగ్‌స్టోన్‌లో ఒకటి, వాల్తమ్ క్రాస్‌లో ఒకటి, ఇదొకటి. మూడింట్లో బాగా నిలిచింది ఇదే.

"మధ్యలో ఎందుకు దింపారు నాన్నా?" అంది పాప.

"మన దగ్గరా దింపుతారమ్మా" అనేశాను.

పోయినేడు మా నాన్న పోతే నేనొక్కణ్ణే వెళ్లాను. పిల్లలకు తాతయ్య ఒకరోజు వీడియో కాల్‌లో నవ్వుతూ కనిపించాడు, ఆ తర్వాత గోడ మీద దండ వేసిన ఫొటో అయ్యాడు. మధ్యలో ఏం జరిగిందో నేను చెప్పలేదు. భయపడతారనుకున్నాను. ఇక్కడ పెరిగే పిల్లలకు అవన్నీ ఎందుకులే అనుకున్నాను. తప్పు చేశాను.

మెట్ల మీద కూర్చుని అప్పుడు చెప్పాను. పాడెను శ్మశానం చేరకముందే ఒకచోట దింపుతారని, దాన్ని దింపుడు కళ్లం అంటారని, అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారని, ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారేమోనన్న ఆశ అని. మా ఊళ్లో ఆ చోట రాయీ లేదు, స్తంభమూ లేదు. చెరువుగట్టు కింద ఒక తుమ్మచెట్టు ఉంది, అంతే.

"నువ్వు పిలిచావా?"

"పిలిచాను."

"ఏమని?"

"నాన్నా అని."

పాప లేచి స్తంభం చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. నా పక్కన కూర్చుని, "ఈసారి ఇండియా వెళ్తే ఆ చెట్టు చూపిస్తావా?" అంది.