గుంత ఒకటి, ప్రభుత్వాలు మూడు

కాలిఫోర్నియాలో రోడ్డు మీది గుంతలో పడి టైరు పగిలితే పరిహారం అడగవచ్చు. ఆరు నెలల్లోపు అర్జీ పెట్టాలి. ఫొటోలు, మెకానిక్ రశీదు జతచేయడం చిన్న పని. అర్జీ ఎవరికి పెట్టాలన్న దగ్గరే నా పరువు పోయింది.

మా ఇంటి దగ్గర ఫ్రీవే దిగే చోట రోడ్డు కొంత రాష్ట్రానిది, కొంత కౌంటీది (మన జిల్లా లాంటిది), సిగ్నల్ దాటితే నగరానిది. నగరం వాళ్లు కౌంటీకి వెళ్లమన్నారు. అక్కడ కౌంటర్‌లో ఉన్నాయన మ్యాపు పరిచి, గుంత ఎక్కడో వేలుపెట్టి చూపించమన్నాడు. చూపించాను. "మీ వేలి కింద మూడు ప్రభుత్వాలున్నాయి" అన్నాడు. వెనక వరుసలో నవ్వులు. నా చేతికి పెన్సిల్ ఇచ్చి, దాని మొనతో చూపించమన్నాడు. పన్నులు కడుతున్నాను కదా అన్నాను ఉక్రోషంగా. "ఏ పన్ను?" అన్నాడు. నోరు పెగల్లేదు.

ఆ రాత్రే కూర్చుని చదివాను. ఇప్పుడు ఎవరడిగినా గడగడా అప్పజెప్పగలను. గ్యాలన్ పెట్రోలుకు కేంద్రం తీసుకునేది 18.4 సెంట్లు, 1993 నుంచి అంతే. రాష్ట్రం పన్ను వేరు. 2017 చట్టంతో దాన్ని 12 సెంట్లు పెంచారు, ఇప్పుడు ధరలను బట్టి ఏటా జూలైలో సవరిస్తారు. రాష్ట్ర రవాణా మెరుగుదల కార్యక్రమంలో కొత్త పనులకు దొరికే సొమ్ములో 75 శాతం కౌంటీల వాటా. అందులో దక్షిణానికి 60 పాళ్లు, ఉత్తరానికి 40. ఆపైన కౌంటీల మధ్య పంపకం మూడు పాళ్లు జనాభాను బట్టి, ఒక పాలు రాష్ట్ర హైవేల మైళ్లను బట్టి. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కూడా ఇంత లెక్క చూడరు! అదీ చాలదని మా కౌంటీ ఓటర్లను అడిగి అమ్మకపు పన్ను డాలరుకు అర సెంటు పెంచుకుంది. కట్టేటప్పుడు అందరికీ కడుతున్నాను, అడిగేటప్పుడు మాత్రం ఎవరికీ కాను.

చివరికి గుంత రాష్ట్రానిదని తేలింది. గుంత ఉన్నట్టు తమకు ముందుగా ఎవరూ తెలపలేదు కాబట్టి బాధ్యత లేదని ఉత్తరం వచ్చింది. కాబట్టి గుంత కనిపిస్తే, మీ కారుకేమీ కాకపోయినా, ఫిర్యాదు చేసి ఆ నంబరు దాచుకోండి. రేపు మరొకరికి పనికొస్తుంది. ఎవరిదో తేలేదాకా ఆగకుండా మూడు చోట్లా అర్జీ పడేయండి. కౌంటర్‌లో నవ్వే మనిషి దగ్గర సలహా మాత్రం అడగకండి.

తిరస్కరణ ఉత్తరం అందాక కోర్టుకు వెళ్లడానికి మరో ఆరు నెలల గడువుంది. చిన్న క్లెయిముల కోర్టులో లాయరు అక్కరలేదు. ఫారాలు తెచ్చుకున్నాను, నింపుతున్నాను.