ఫ్రీజర్ తలుపు దగ్గర

నిన్న రాత్రి విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లో ఒక్కడినే కూర్చుని ‘మాంచెస్టర్ బై ద సీ’ చూశాను. 2016 సినిమా. అప్పట్లో విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. కేసీ ఆఫ్లెక్ నటనకొకటి, కెన్నెత్ లోనర్గన్ స్క్రీన్‌ప్లేకొకటి, 2 ఆస్కార్లు. మా బావ మాత్రం సగంలోనే ఆపేశాడట. "ఏటి బావా, అంతా ఏడుపే, ఎక్కడా తేలదు!"

తేలకపోవడమే నాకు నచ్చింది. సినిమాలో తండ్రి శవం ఇంకా పూడ్చకుండా ఫ్రీజర్‌లోనే ఉంటుంది. తండ్రి పోయినా నిబ్బరంగా తిరిగిన కుర్రాడు, ఇంట్లో ఫ్రీజర్‌లోంచి చికెన్ జారిపడగానే కుప్పకూలిపోతాడు. (స్క్రీన్‌ప్లే అవార్డు ఆ సీన్‌కే ఇచ్చుంటారని నా నమ్మకం.)

నాన్న పోయిన నెలకి ఫిషింగ్ హార్బర్‌లో వంజరం ధర అడుగుతూ నేనూ అలాగే ఆగిపోయాను. ఆయనకి ప్రాణం అది. "ఎన్ని కేజీలు బాబూ?" అంటోంది ఆవిడ. నోట మాట రాలేదు. ఖాళీ సంచితో ఇంటికొచ్చేశాను.