మెటాలిక్ లామినేట్ వేయిస్తున్నారా? ముందు బాణం గుర్తు చూడండి – నా అనుభవం

మా కబోర్డు మూడో తలుపు నిన్ననే మార్చి బిగించి పోయినారు. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. తిరుపతిలో ఇల్లు కట్టుకునేవాళ్ళు, ఫ్లాటులో ఉడ్‌వర్క్ చేయించుకునేవాళ్ళు చాలామంది ప్లైవుడ్ మీద అతికించే ఈ మెరిసే షీట్లే కావాలంటున్నారు. కొనేముందు ఇది చదవండి.

మాది కొర్లగుంట. నేను టైలర్‌ని, ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళి బ్లౌజులు కుడుతున్నాను. పై అంతస్తు వేసుకున్నాక పడకగదిలో నాలుగు తలుపుల కబోర్డు, దాని పక్కనే చిన్న పూజ మందిరం చేయించాలనుకున్నాం. ప్లైవుడ్ దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. తడి తగిలే చోటికి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై (నీళ్ళను తట్టుకునే రకం), గదిలోకి మామూలు వాడకానికి ఐఎస్ 303. ముద్ర చూసి తీసుకున్నాం, అంతే.

షీటు ఎంచుకోవడం కూడా త్వరగానే అయిపోయింది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మెటాలిక్ అని షాపులో శాంపిళ్ళ ఫోల్డర్‌లో చూపించేవి రెండు రకాలు. మామూలు లామినేట్‌లో అడుగున ఫినాలిక్ రెజిన్ పట్టించిన క్రాఫ్ట్ కాగితం పొరలు, పైన మెలమిన్ రెజిన్ పట్టించిన డిజైన్ కాగితం ఉంటాయి. అన్నింటినీ కలిపి వేడి మీద గట్టిగా ప్రెస్ చేస్తారు. ఒక రకం మెటాలిక్‌లో ఆ డిజైన్ కాగితంలోనే మెరుపు పొడి ఉంటుంది. రెండో రకంలో కాగితం బదులు నిజమైన అల్యూమినియం రేకు ఉంటుంది, దానిమీద సన్నటి బ్రష్ గీతలు, గీతల మీద లాకర్ అనే సన్నటి రక్షణ పూత. రెండో రకం ధర చాలా ఎక్కువ. "అన్నీ ఒకటేనమ్మా" అని షాపులో అంటే నమ్మొద్దు, ఏ రకమో బిల్లులో రాయించుకోండి. నేను తీసుకున్నది రేకు రకం, లేత బంగారు రంగు.

నా కటింగ్ టేబుల్ పైన కూడా అదే వేద్దామని షాపతను పట్టుబట్టినాడు. ఒప్పుకోలేదు. కత్తెర, స్కేలు, సూదులు రోజంతా రాసుకునే చోట ఆ రేకు ఒక్క నెల కూడా నిలవదు. ఇది నిలువు పలకలకే, తలుపులకూ గోడలకూ. తలుపు లోపలివైపు లామినేట్ అవసరం లేదని కూడా అన్నాడు. ఒక్కవైపే షీటు అతికిస్తే కొన్నాళ్ళకు తలుపు వంగుతుంది, వెనకవైపు మామూలు షీటైనా పడాల్సిందే. ఈ రెండు చోట్లా నా మాటే నెగ్గింది.

కోత, ప్రెస్సింగ్ అంతా ఆ షాపు వాళ్ళ వర్క్‌షాపులోనే. నాలుగు తలుపులూ పైన ప్లాస్టిక్ ఫిల్ముతో ఇంటికి వచ్చినాయి. మా పుత్తూరు మేస్త్రీ హింజులు పెట్టి బిగించినాడు. పనంతా అయినాక ఫిల్ము ఒలిచినాం.

మరుసటి రోజు పొద్దున తూర్పు కిటికీలోంచి ఎండ పడింది. మొదటిది, రెండోది, నాలుగోది లేత బంగారం. మూడోది మాత్రం మట్టి రంగు. సాయంత్రం లైటు వేస్తే ఉల్టా అయింది, మూడోది మెరుస్తూ ఉంది, మిగతా మూడూ మసకగా ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని చూసినా అంతే. మేస్త్రీని పిలిస్తే, "షీటులోనే తేడా ఉందక్కా, నేనేం చేసేది" అన్నాడు. ఫోటోలు తీసుకుని షాపుకు పోయినాను.

అక్కడ జరిగింది మర్చిపోలేను. కౌంటరు ముందు ఒక కొత్త జంట కూర్చుని ఫోల్డర్ తిప్పుతున్నారు. ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఓనరు నా ఫోను చేతిలోకి కూడా తీసుకోలేదు. "లైటింగ్‌కి అట్లనే కనపడతాదిమ్మా. ట్యూబులైటు మార్చుకో" అన్నాడు. పగలు కూడా తేడా ఉందని చెప్పినాను. "అయితే మీ మేస్త్రీ ఏదో చేసినాడు" అన్నాడు. మేస్త్రీ స్క్రూలు బిగించినాడే కానీ షీటు అతికించింది మీరే కదా అన్నాను. అప్పుడు పక్కనున్న అందరికీ వినపడేట్టు, "ఆడోళ్ళకి ఇవన్నీ అర్థం కావులేమ్మా. మీ ఆయన్ని పంపించు, మొగోళ్ళకి చెప్తే తెలుస్తాది" అన్నాడు. ఎవరో నవ్వినారు. బిల్లు తీసి, కింద అచ్చు వేసిన లైను మీద వేలు పెట్టి చూపించినాడు: రంగు తేడాకు బాధ్యత లేదు, అమ్మిన సరుకు వాపసు లేదు. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. ఆ సంగతి ఈ ఓనరుకు చెప్పాల్సిన పని నాకేముంది?

గాంధీ రోడ్డులో ఒక మామూలు చీర కొనే మనిషికి కూడా పది చీరలు విప్పి, ఎండలోకి తెచ్చి, అంచు తిప్పి చూపిస్తారు. లక్షలు పోసి పని చేయించుకునే మనిషి ఒక్క ప్రశ్న అడిగితే మీ ఆయన్ని పంపమంటారు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చినప్పుడు నేను ఆడదాన్నని వాళ్ళకు గుర్తు రాలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

జవాబు నా మిషను మీదే దొరికింది. ఒక పెళ్ళికూతురి ముదురు ఆకుపచ్చ వెల్వెట్ బ్లౌజు కోతకు ఉంది. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. చెయ్యి ఒకవైపు రాస్తే నున్నగా, ఇంకోవైపు రాస్తే గరుకుగా తగులుతుంది. ముందు ముక్కలూ వెనక ముక్కలూ అన్నీ ఒకే దిక్కుకు పెట్టి కోయాలి. ఒక్కటి తలకిందులైనా అదే బట్ట రెండు రంగులుగా కనపడుతుంది. చేతిలో చాక్‌పీసుతో అట్లనే నిలబడిపోయినాను. మూడో తలుపు దగ్గరికి పోయి ఎడమనుంచి, కుడినుంచి, కింద కూర్చుని, స్టూలు ఎక్కి చూసినాను. ఎక్కడినుంచి చూస్తే ఎట్ల మారుతుందో అంతా ఆ వెల్వెట్ లెక్కే.

పని జరిగేటప్పుడు ప్రతిరోజూ ఫోటోలు తీసి కువైట్‌కు పంపేదాన్ని. ఇది నా మంచి అలవాటని గర్వంగానే చెప్తాను. తలుపులు వచ్చిన రోజు ఫోటో తెరిచి పెద్దది చేసి చూసినాను. ఫిల్ము మీద లేత నీలం బాణాలు వరసగా అచ్చు వేసి ఉన్నాయి. మిగతా మూడు తలుపుల మీద బాణాలు పైకి. మూడో తలుపు మీద కిందికి.

బ్రష్ ఫినిష్ రేకుకు దిక్కు ఉంటుంది. ఆ గీతల మీద పడిన వెలుతురు ఒకవైపుకు ఎక్కువగా, ఇంకోవైపుకు తక్కువగా తిరిగి వస్తుంది. అందుకే తయారుచేసేవాళ్ళు ఫిల్ము మీద బాణం వేసి పంపుతారు, పక్కపక్కన వచ్చే పలకలన్నీ ఒకే దిక్కుకు ఉండాలని. ఇది రంగు తేడా కాదు, వాళ్ళు అతికించిన తీరులో తప్పు. బిల్లు మీద అచ్చు వేసిన లైనుకూ దీనికీ సంబంధం లేదు.

మేస్త్రీకి చెప్తే ఒక ఉపాయం చెప్పినాడు. "తలుపును తిప్పి పెడదామక్కా." తిప్పితే హింజు గుంతలు అవతలి అంచుకు పోతాయి. మళ్ళీ కొత్త గుంతలు కొట్టాలి, పాతవాటిలో ప్లగ్గు పెట్టాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ అతుకులు చూడటానికి నేను అంత డబ్బు పోయలేదు. వద్దన్నాను. తలుపు విప్పించి, దుప్పటి చుట్టించి, ఆటోలో వేసుకుని షాపుకు పోయినాను.

ఈసారి లోపలికి పోలేదు. షాపు ముందర మెట్ల దగ్గర, వెలుతురులో, తలుపును గోడకు ఆనించినాను. పక్కన అదే షీటు శాంపిలు ముక్క పెట్టమన్నాను, దాని వెనక బాణం ఉంది. ఓనరు వాళ్ళ నాయన, పెద్దాయన, బయటికి వచ్చినాడు. "చూడండి సామీ" అని, తలుపును నా చేత్తోనే తలకిందులు చేసినాను. మట్టి రంగు పోయి శాంపిలు రంగు వచ్చింది. మళ్ళీ తిప్పినాను, మళ్ళీ మట్టి రంగు. తర్వాత ఫోనులో బాణాల ఫోటో చూపించినాను. వెల్వెట్ సంగతి కూడా చెప్పినాను. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. లోపలికి కేకేసి, ప్రెస్సింగ్ చేసే పిల్లోణ్ణి పిలిచి, "బాణం చూస్తివా?" అని అడిగినాడు. కోసిన ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు ఒకటి తిరగబడిందంట. ఆ పిల్లోని మీద నాకు కోపం లేదు. బాణం ఎందుకుంటుందో వాడికి ఎవ్వరూ నేర్పలేదు. నేర్పాల్సిన మనిషి కౌంటరు దగ్గర కూర్చుని నాకు ట్యూబులైటు మార్చుకోమని చెప్పినాడు.

ఓనరు అప్పుడు కూడా సగం డబ్బు కట్టమన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇక్కడినుంచే ఫోను చేస్తానని చెప్పినాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోనంటే అది అన్యాయపు వ్యాపారం కిందికే వస్తుంది. పెద్దాయనే, "చేసియ్యి రా" అని కొడుక్కు చెప్పినాడు. పైసా తీసుకోకుండా కొత్త తలుపు చేసిచ్చినారు. ప్రెస్ చేసిన షీటు ఊడదీస్తే ప్లై పొర కూడా లేచిపోతుంది, కాబట్టి తలుపంతా కొత్తదే కావాలి. పాత తలుపుకే కొత్త షీటు అతికించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

కొత్త షీటు దగ్గర ఇంకో జాగ్రత్త పడినాను. ఒకే కోడు అయినా లాటు (ఒకేసారి తయారైన సరుకు) మారితే నిజంగానే రంగు మారుతుంది. షీటు వెనక అచ్చు వేసిన లాటు నంబరు చూపించమన్నాను, మా పాత ముక్క పక్కన ఎండలో పెట్టి చూసినాకే కోయనిచ్చినాను. మీరు మొదట్లోనే కావాల్సిన షీట్లన్నీ ఒకే లాటులో తీసుకుని, ఒకటి ఎక్కువ తెప్పించుకోండి. కోత వేయకముందే మీరు గానీ, మీ మేస్త్రీ గానీ దగ్గరుండి ప్రతి ముక్క మీదా పెన్నుతో "పై" అని రాయించండి. ఫిల్ము ఒలిచే ముందు బాణాలు ఫోటో తీయండి. ఒలవడం కూడా నెలల తరబడి ఆపొద్దు, ఎండ తగిలే చోట ఫిల్ము జిగురు రేకుకే పట్టుకుంటుంది.

పూజ మందిరానికి ఇత్తడి రంగు రేకు షీటు వేయించినాను. అది బాగా వచ్చింది. అయితే అది ఇత్తడి కాదని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. మా అత్తమ్మ శుక్రవారం నాడు చింతపండు, పీతాంబరి తీసుకుని మందిరం తోమడానికి సిద్ధమైపోయింది. పులుపు, గరుకు పొడి తగిలితే పైన ఉన్న లాకర్ పోతుంది, తర్వాత రేకు మచ్చలు పడుతుంది. మెత్తటి గుడ్డ, కాస్త సబ్బు నీళ్ళు, వెంటనే పొడిగుడ్డ, అంతే. దీపం, హారతి పళ్ళెం షీటుకు దూరంగా పెట్టుకోండి. ఇంకోటి, ఇది నిజమైన లోహం, కరెంటు పారుతుంది. స్విచ్చిబోర్డు కోసం రేకును కోస్తే వైరు ఆ అంచుకు తగలకుండా ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. ఈ మాట షాపులో ఎవ్వరూ చెప్పలేదు.

ఇప్పుడు నాలుగు తలుపులూ ఒకే రంగు, పొద్దునా అంతే, రాత్రీ అంతే. క్షమించమని మాత్రం ఓనరు ఇప్పటికీ అనలేదు. ఆటో కిరాయి కూడా ఇవ్వలేదు, అది నాకు రావాల్సిన డబ్బు. మందిరం పని తాలూకు చివరి బిల్లు ఇంకా కట్టాల్సి ఉంది, అందులో పట్టుకునే ఇస్తాను.