క్యోటోలో గది వెతుక్కున్న కథ

ఏప్రిల్ మొదటి వారంలో అమ్మని తీసుకుని క్యోటో వెళ్లాం, అంటే సరిగ్గా సకురా పూలు విచ్చుకునే రోజులు, హోటల్ రేట్లు చూస్తే గుండె ఝల్లుమనే రోజులు. విమానం టికెట్లకి పావుగంట పట్టింది, గదికి మాత్రం మూడు వారాలు.

మొదట నా కన్ను మాచియా మీద పడింది. పాతకాలపు చెక్క ఇళ్లు, వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి, అక్కడివాళ్లు వాటిని పాముచేప పడక అంటారట. హిగాషియామాలో, కియోమిజు గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఒకటి దొరికితే ఎగిరి గంతేసి బుక్ చేశాను. రాత్రి మళ్లీ ఫొటోలు తిప్పుతుంటే చివర్లో పై గదికి వెళ్లే మెట్లు కనిపించాయి. మెట్లా అవి, నిచ్చెన! పడుకునేది పైన, బాత్రూమ్ కింద, పరుపేమో నేల మీద. అమ్మకి చూపిస్తే, "అర్ధరాత్రి ఇది దిగడానికి నన్ను ఎత్తుకుంటావేంట్రా?" అంది. అసలే మోకాళ్ల నొప్పులు. క్యాన్సిల్ చేసేశా.

తర్వాత ర్యోకాన్, అంటే జపాన్ సంప్రదాయ సత్రం. రేటు పర్లేదే అనుకున్నా, తీరా చూస్తే అది మనిషికి! పైగా రాత్రి భోజనం వాళ్లదే, సూప్‌లో కూడా ఎండు చేపల రసం ఉంటుంది, అమ్మ శాకాహారి. అదీ పోయింది.

క్యోటో స్టేషన్ పక్కనే ఉందామా అంటే సౌకర్యమే, కాన్సాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి హరుకా రైలు నేరుగా అక్కడికే వస్తుంది, ఫుషిమి ఇనారి గుడి అక్కడి నుంచి లోకల్ రైల్లో రెండో స్టాప్. కానీ సాయంత్రం గియోన్ పాతపేటలో, కామో నది ఒడ్డున తిరిగి మళ్లీ జనంతో కిక్కిరిసిన సిటీ బస్సులో నిలబడి రావడం అమ్మ వల్ల కాదు.

చివరికి ఊరి నడిబొడ్డున, షిజో కరసుమా దగ్గర తీసుకున్నాం, స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టాపే. లిఫ్టు, మంచాలు, చిన్న స్టవ్ ఉన్నాయి కాబట్టి రోజూ అన్నం, పచ్చడి గదిలోనే. రెండు పెట్టెలు ఒకేసారి తెరిస్తే మాత్రం కాలు పెట్టే చోటు లేదు. బస పన్ను విడిగా కట్టమన్నారు (2018 నుంచీ ఉంది, మనిషికి, రాత్రికి లెక్క), గది అద్దెతో పాటు అదీ చూసుకోండి.

మూడో రోజు హిగాషియామా సందుల్లో నడుస్తుంటే అమ్మ ఒక మాచియా ముందు ఆగి, చెక్క తలుపు తడిమి చూసి, "ఇలాంటిది తీసుకోవాల్సిందిరా" అంది.